నెల్లూరు నుంచి ఒక్క రోజులో పల్లెలు, పట్టపుపాలేలు (మత్స్యకారుల ఊళ్ళు): 40 మందికి బస్సు యాత్ర ఎలా వేసుకోవాలి

మీరు అడిగింది ఇది. జనవరిలో ఒక ఆదివారం, నెల్లూరు నుంచి 40 మంది, అందులో పదిమంది దాకా అరవై దాటినవాళ్ళు, 49 సీట్ల బస్సు. మైపాడు, కొత్తకోడూరు, కృష్ణపట్నం, ఊటుకూరు, తుమ్మలపెంట, రామాయపట్నం, పాకల, కొత్తపట్నం ఎనిమిదీ చూసి రాత్రి ఎనిమిదికల్లా ఇల్లు చేరగలమా, దారిలో పచ్చటి పొలాలు, రొయ్యల గుంతలు కూడా చూపించాలి, మే నెలలో పోతే ఎలా ఉంటుంది అని.

కుదరదండి. కారణం దారుల తీరు. సముద్రాన్ని ఆనుకుని పెద్ద బస్సు సాగిపోయే రోడ్డు ఒకటి ఉందనుకుని చాలామంది పథకం వేస్తారు. మన వైపు 16వ నంబరు జాతీయ రహదారి తీరానికి చాలా కిలోమీటర్లు లోపలగా పోతుంది. సముద్రం ఒడ్డు ఊళ్ళకు దాన్నించి, లేకపోతే దాని మీదున్న పట్నాల నుంచి, ఒక్కోదానికి ఒక్కో దారి తూర్పుకు చీలుతుంది. దువ్వెన పళ్ళలాగన్నమాట. ఒక పంటి కొస నుంచి పక్క పంటి కొసకు పోవాలంటే చాలాచోట్ల వెన్ను దాకా వెనక్కి రావాల్సిందే. ఒక్కో ఊరికి లోపలికి పోయి రావడానికి పల్లె రోడ్డు మీద గంటా పావు, అక్కడ ముప్పావు గంట వేసుకోండి. ఎనిమిది ఊళ్ళకు పదహారు గంటలు. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే మీద రానుపోను మరో ఐదు గంటలు. బస్సులో కూర్చోవడమే రోజంతా అవుతుంది.

పటం చూసి మోసపోయే చోటు ఇంకొకటి ఉంది. మైపాడు పెన్నకు దక్షిణాన, ఊటుకూరు ఉత్తరాన ఉంటాయి. పటంలో పక్కపక్కనే కనిపిస్తాయి గానీ మధ్యలో పెన్న సముద్రంలో కలుస్తుంది. పెద్ద బస్సు ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు రావాలంటే నెల్లూరు దాకా వెనక్కి వచ్చి, వంతెన మీద కోవూరు వైపు దిగి మళ్ళీ తూర్పుకు పోవాలి. 40 కిలోమీటర్ల పైమాటే.

మీ గుంపుకు నేను చెప్పేది ఒక్కటే: రెండే సముద్రపు ఊళ్ళు పెట్టుకోండి. పడవలు వచ్చే వేళకు మైపాడు, తీరుబడిగా కూర్చోవడానికి రామతీర్థం. మిగతా పొద్దంతా పెన్నా డెల్టా పొలాలకు ఇవ్వండి. జనవరిలో ఇందుకూరుపేట, కోవూరు, విడవలూరు మండలాల్లో వరి మంచి పచ్చగా ఉంటుంది. ఇక్కడ పెద్ద పంట ఈశాన్య రుతుపవనం వానల మీద, సోమశిల ప్రాజెక్టు నీళ్ళ మీద నడిచేది. మిగతా రాష్ట్రంలో చాలాచోట్ల కోతలై మోళ్ళు మిగిలే కాలంలో ఇక్కడ పైరు ఎదుగుతుంటుంది. ఈ వరుసలో మొత్తం తిరుగుడు 130 కిలోమీటర్ల చుట్టూనే, పెద్దవాళ్ళు కూడా తట్టుకుంటారు.

పొద్దున 5:30కి నెల్లూరులోనే ఉన్న మైపాడు గేటు సెంటర్లో అందర్నీ ఎక్కించుకోండి. ఇళ్ళిళ్ళూ తిరిగి ఎక్కించుకుంటే నలభై నిమిషాలు పోతాయి, సూర్యోదయమూ పోతుంది. జనవరి మొదట్లో ఇక్కడ పొద్దు పొడిచేది దాదాపు 6:40కి. మైపాడు సుమారు 25 కిలోమీటర్లు, 6:20కి చేరతారు. మంచు పట్టిన రోజు ఇంకో పావుగంట కలుపుకోండి. డెల్టాలో కాలవ గట్ల మీద మంచు బాగా కమ్ముతుంది, డ్రైవరును తొందరపెట్టకండి. ఇడ్లీ పొట్లాలు బస్సులోనే ఉండాలి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు ఎనిమిదికల్లా తినాలి, ఆ వేళకు నలభై మందికి ఒక్కసారిగా వేడి టిఫిను పెట్టే హోటలు ఒడ్డున ఉంటుందని నమ్ముకోకూడదు.

9:15కి మైపాడు వదిలి, ఇందుకూరుపేట పొలాల మధ్య కాలవ గట్టు వెడల్పుగా ఉన్నచోట ఇరవై నిమిషాలు ఆగండి. తర్వాత పెన్న దాటి కోవూరు, విడవలూరు మీదుగా రామతీర్థం. అక్కడి కామాక్షీ సమేత రామలింగేశ్వరుడి గుడికి పన్నెండు లోపు చేరేలా చూసుకోండి, మధ్యాహ్నం గుళ్ళు మూసేస్తారు. భోజనం అయ్యాక రెండున్నర నుంచి నాలుగు దాకా అక్కడి ఒడ్డున సరుగుడు తోపుల నీడలో కూర్చోవచ్చు. తిరుగుదారిలో పెన్న ఉత్తరపు గట్టు మీది జొన్నవాడ కామాక్షితాయి దర్శనం చేసుకుని ఏడున్నరకు నెల్లూరు. జనవరిలో ఆరుకే పొద్దుగూకుతుంది కాబట్టి కాలవ గట్ల దారి వెలుతురు ఉండగానే దాటేయాలి.

ఇక బస్సు సంగతి. ఎక్కువ యాత్రలు చెడేది ఇక్కడే.

49 సీట్ల బస్సు పొడవు దాదాపు 12 మీటర్లు. అది ఒకే ఊపులో వెనక్కి తిరగాలంటే 20 మీటర్ల పైన ఖాళీ కావాలి. పాలెం వీధుల్లో అంత జాగా ఉండదు, రివర్సులో అరకిలోమీటరు రావాల్సి వస్తుంది. రెండో చిక్కు బకింగ్‌హాం కాలవ. 19వ శతాబ్దంలో పడవల రవాణాకు తవ్విన ఈ ఉప్పునీటి కాలవ తీరానికి సమాంతరంగా నెల్లూరు, ప్రకాశం జిల్లాల పొడుగునా పోతుంది, ఒడ్డునున్న ఊళ్ళకు చాలావాటికి దీన్ని దాటే పోవాలి. కొన్ని వంతెనలు ఇరుకు, కొన్ని మధ్యలో వీపులాగా లేచి ఉంటాయి. ఏసీ కోచ్‌లకు వెనక చక్రం తర్వాత బాడీ బాగా వెనక్కి సాగి ఉంటుంది, నేలకూ బాడీకీ మధ్య ఎత్తు తక్కువ. ముందు చక్రాలు వంతెన ఎక్కేసరికి వెనక బంపరు రోడ్డుకు రాసుకుంటుంది, దిగేటప్పుడు నడిమి భాగం ఆనుతుంది. అందుకే సీట్లు గట్టిగా ఉన్నా సరే, కమాను పట్టీల మామూలు నాన్ ఏసీ బస్సే ఈ దారులకు మేలు. జనవరి పొద్దున కిటికీ తెరుచుకుంటే ఏసీతో పనేముంది.

అన్నిటికంటే మేలు 21 నుంచి 26 సీట్ల మినీ బస్సులు రెండు. అద్దె కాస్త పెరుగుతుంది. కానీ పాలెం నడిబొడ్డు దాకా పోతాయి, పెద్దవాళ్ళకు నడక తగ్గుతుంది, ఒకటి ఆగిపోతే రెండోది ఆదుకుంటుంది. పెద్ద బస్సే తప్పదంటే ఊరి మొదట్లో బడి ఆవరణ గానీ, తుపాను షెల్టరు ముందు ఖాళీ స్థలం గానీ ముందుగా మాట్లాడి అక్కడే నిలపండి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత కట్టిన కాలనీల్లో వీధులు కొంచెం వెడల్పుగా ఉంటాయి, అవి కూడా చూడొచ్చు.

యాత్రకు రెండు రోజుల ముందు ఒకరు మోటారు సైకిల్ మీద దారంతా తిరిగి రావాలి. దీన్ని మాత్రం వదలకండి. చూడాల్సినవి: ప్రతి వంతెన వెడల్పు, ఎక్కుడు, వీధుల్లో కిందికి వేలాడే కరెంటు తీగలు, ఎందుకంటే బస్సు ఎత్తు మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది, పైన లగేజీ కట్టితే ఇంకా పెరుగుతుంది, రైలు పట్టాల కింద అండర్‌బ్రిడ్జిలు, బస్సు తిరిగే చోటు, మరుగుదొడ్లు. రొయ్యల గుంతల మధ్య గట్ల రోడ్ల అంచులు మెత్తగా ఉంటాయి, ఎదురుగా మేత లారీనో ధాన్యం ట్రాక్టరో వస్తే మన బస్సు అంచుకు దిగకూడదు. నిలబడిపోయి చిన్న బండినే వెనక్కి పొమ్మనాలి. ఫిబ్రవరి తర్వాత పోయేవాళ్ళు కోత మిషన్లు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఆ వడ్ల మీంచి బస్సు తోలొద్దు. రైతు వాటిని గింజ గింజా ఎత్తుకుంటాడు.

ఇసుక గురించి. తారు అయిపోయి తెల్ల ఇసుక మొదలైన చోట బస్సు ఆగిపోవాలి, ఇంకో ముప్పై గజాలు అంటూ ముందుకు పోనివ్వద్దు. పైన గట్టిగా కనిపించినా కింద పొడి ఇసుకే. ఒకవేళ దిగబడితే యాక్సిలరేటరు తొక్కకండి, చక్రం తిరిగిన కొద్దీ గొయ్యి తవ్వుకుంటుంది, చివరికి వెనక ఇరుసు హౌసింగు ఇసుక మీద కూర్చుంటుంది. ముందు అందర్నీ దించండి, బరువు రెండు టన్నులు తగ్గుతుంది. చక్రాల వెనక ఇసుక వాలుగా తీసి, తాటాకులు, సరుగుడు కొమ్మలు, తడిపిన గోనె సంచులు పరచి, వచ్చిన దారినే మెల్లగా రివర్సులో రానివ్వండి. అప్పటికీ రాకపోతే ట్రాక్టరు. పడవలు ఒడ్డుకు లాగే ట్రాక్టర్లు పాలేల్లో ఉంటాయి. తాడు బంపరుకు కాదు, ఛాసిస్ కొక్కేనికే కట్టాలి. ఆ వేళ వాళ్ళ పని ఆపి వస్తారు కాబట్టి డీజిలుతో పాటు మనుషుల కూలీ కూడా ఇవ్వండి.

పడవల వేళ. ఫైబర్ బోట్లు తెల్లవారకముందే పోయి, వలను బట్టి, గాలిని బట్టి ఏడున్నర నుంచి పదకొండు మధ్య తిరిగొస్తాయి. ముందురోజు సాయంత్రం ఊళ్ళో ఒకరికి ఫోను చేసి రేపు వేటకు పోతున్నారా అని అడిగి తీరాలి. వాతావరణ హెచ్చరిక ఉన్నా, ఊళ్ళో చావు జరిగినా, ఊరి పెద్దలు దురాయి (వేటకు పోకూడదనే కట్టుబాటు) వేసినా ఒక్క పడవా కదలదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం, ఆ నెలల్లో తేదీ పెట్టుకుంటే మార్చుకునే వీలు కూడా పెట్టుకోండి. జనవరి, ఫిబ్రవరి నెలలు అందుకే మంచివి.

పడవ ఒడ్డెక్కాక జరిగేది చాలా వేగంగా జరుగుతుంది, చూడ్డం తెలిస్తే అది ఈ యాత్రలో అన్నిటికన్నా గొప్ప దృశ్యం. నలుగురైదుగురు వలను ఇసుక మీద పరిచి చేపను ఒక్కొక్కటే విడదీస్తారు. పీతను మాత్రం వల తెగకుండా, డెక్క విరగకుండా తీయాలి, ఆ చేతి వాటం గమనించండి. చేపలు రకాల వారీగా కుప్పలవుతాయి. కానాగంతలు, కవళ్ళు, నెత్తళ్ళు ఒక పక్క. వంజరం, చందువ, పెద్ద రొయ్య ఇంకో పక్క, వాటికే ధర. వేలం పాట రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. మీవాళ్ళు కుప్ప చుట్టూ గుమిగూడి కొనేవాళ్ళకు అడ్డం రాకూడదు, పాట మధ్యలో ధర అడగకూడదు. పది అడుగులు వెనక నిలబడితే అంతా కనిపిస్తుంది. వలలు దాటేటప్పుడు, పడవను ముట్టుకునేటప్పుడు చెప్పులు విడవాలి. అవి వాళ్ళకు గంగమ్మతో సమానం. ఇసుకలో ఆరబెట్టిన నెత్తళ్ళ పక్కగా నడవాలి, పిల్లలు వాటిమీద ఇసుక ఎగజిమ్మకుండా చూడాలి. ఇసుక తగిలిన ఎండు చేపకు ధర పడిపోతుంది. ఫొటో ముందు అడగండి, వల బాగుచేసుకునే పెద్దాయన్ని అడిగితే ఎక్కువసార్లు నవ్వుతూ ఒప్పుకుంటారు. నలభై మంది ఒక్కసారిగా దిగితే పాలెం బెదిరిపోతుంది. రెండు జట్లుగా పంచి, ఒక జట్టు ఒడ్డున టిఫిను తింటుండగా రెండోది పాట చూడాలి.

చేపలు కొనాలంటే పాట అయ్యాక గంపల ఆడవాళ్ళ దగ్గర కొనండి. కన్ను ఉబికి తేటగా, మొప్ప ఎర్రగా, వేలితో నొక్కితే గుంట పూడిపోయేలా ఉండాలి. కిలో చేపకు కిలో ఐసు. థర్మోకోల్ పెట్టెలో అడుగున ఐసు పొర, చేప, మళ్ళీ ఐసు, పైన మూత చుట్టూ టేపు. పెట్టె కింద రెండు మందపాటి ప్లాస్టిక్ కవర్లు వేయండి. చేపనీరు డిక్కీలో కారితే వారం దాకా వాసన పోదు, బస్సువాళ్ళు శుభ్రం చేసిన ఖర్చు అడుగుతారు, అది న్యాయమే. ఈ ఏర్పాటు ఉంటే సాయంత్రం దాకా చేప నిలుస్తుంది. లేకపోతే కొనకండి.

సముద్ర స్నానం వద్దనే నా సలహా. మైపాడులో అల చూడ్డానికి మెత్తగానే ఉంటుంది. అలలు తెచ్చిన నీళ్ళు నీటి కింది ఇసుక దిబ్బల మధ్య సందుల్లోంచి జోరుగా వెనక్కి పోతాయి. ఆ సందు పైన అలలు తక్కువగా, నీళ్ళు నిశ్చలంగా కనిపిస్తాయి, ఈత రానివాళ్ళు అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డు వైపు కొట్టుకోకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. పెన్న సముద్రంలో కలిసే మొగ దగ్గర అసలు నీళ్ళలోకే దిగొద్దు, ఇసుక ఒక్కసారిగా జారి లోతు పడుతుంది, పోటు తగ్గేటప్పుడు లాగుడు ఇంకా ఎక్కువ. మోకాలు మునగనివ్వం అని బస్సులోనే గట్టిగా చెప్పి, ప్రతి ఐదుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషిని పేరు పెట్టి అప్పజెప్పండి. ఎక్కేటప్పుడు తలకాయలు లెక్కపెట్టడం ఇద్దరు చేయాలి, ఇద్దరి లెక్కా కలవాలి.

రొయ్యల గుంతలు చూడాలని అడిగారు. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుంటే ఎవరికైనా దిగి చూడాలనిపిస్తుంది. కానీ వైరసు తెగుళ్ళ భయంతో రైతులు గుంత చుట్టూ పీతలు రాకుండా వల కడతారు, పిట్టలు వాలకుండా పైన దారాలు కడతారు, చెప్పుల మట్టిని కూడా రానివ్వరు. ముందుగా మాట్లాడిన ఒక్క రైతు దగ్గరికే పోండి, వాళ్ళు పెట్టిన మందు నీళ్ళలో కాళ్ళు ముంచి దాటండి, నీళ్ళలో చెయ్యి పెట్టొద్దు. గట్టు మీద ఏరియేటర్ల కరెంటు వైర్లు పోతుంటాయి, పిల్లల చేయి వదలొద్దు.

భోజనం ఊళ్ళోనే వండించుకుంటే బాగుంటుంది, రెండు రోజుల ముందు చెప్పి బయానా ఇవ్వాలి. లెక్క ఇలా వేసుకోండి. మనిషికి రెండు ముక్కలు, ముక్క 75 గ్రాములు, అంటే నలభై మందికి ఆరు కిలోల ముక్కలు. తల, పొట్ట, పొలుసు పోను ముక్కలకు అరవై శాతం చుట్టూ వస్తుంది, కాబట్టి పది కిలోల పచ్చి చేప. బియ్యం ఐదు కిలోలు. నెల్లూరు పులుసుకు మామిడికాయ ముక్క పడాలి, జనవరిలో పుల్లటి కాయ దొరకదేమో చూసుకోండి, లేకపోతే చింతపండు పులుపు పెంచమని చెప్పండి. పులుసు పొద్దున పదికే చేసి పెడితే ఒంటిగంటకు ముక్కకు పట్టి బాగుంటుంది. శాకాహారులకు పప్పు, వేపుడు వేరే గిన్నెల్లో, వేరే గరిటెలతో అని ముందే చెప్పాలి. తాగేనీళ్ళు 20 లీటర్ల క్యాన్లు నాలుగు నెల్లూరులోనే ఎక్కించుకోండి. ఒడ్డు ఊళ్ళలో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పన.

మరుగుదొడ్ల గురించి ఆడవాళ్ళను ముందే అడిగి ఏర్పాటు చేయండి. పాలేల్లో ప్రయాణికుల కోసం కట్టినవి ఉండవు. మైపాడులో పర్యాటక శాఖ వసతి ఉంది, అక్కడ ముందుగా మాట్లాడుకోవాలి. పదకొండుకు నెల్లూరు దగ్గర పెట్రోలు బంకు, మధ్యాహ్నం భోజనం పెట్టే ఇల్లు, సాయంత్రం జొన్నవాడ. మూడు గంటలకు మించి ఎడం ఉండకూడదు.

కాగితాలు క్లుప్తంగా. కాంట్రాక్ట్ క్యారేజీ పర్మిట్టు, ఫిట్‌నెస్, బీమా తేదీలు బయానాకు ముందే చూడండి. ఆర్టీసీ కూడా బస్సులు అద్దెకు ఇస్తుంది, పల్లె దారులు తెలిసిన డ్రైవరును అడగొచ్చు. అద్దె కిలోమీటరుకా రోజుకా, డ్రైవరు బత్తా, టోల్, డిపో నుంచి ఖాళీగా వచ్చే దూరం ఎవరి లెక్కలో అన్నది రాయించుకోండి. ఎక్కేముందు మీటరు రీడింగు ఫొటో తీయండి. డ్రైవరు ముందు రాత్రి ఇంకో ట్రిప్పు తోలి నేరుగా రాకూడదు, పద్నాలుగు గంటల రోజు ఇది.

పాకల, కొత్తపట్నం కూడా చూడాలనుంటే ఇంకో రోజు పెట్టుకుని ఉత్తరానికి పోండి. ఐదుకు బయల్దేరితే హైవే మీద కావలి, అక్కణ్ణించి సుమారు 10 కిలోమీటర్లు తుమ్మలపెంట, ఏడుకు చేరి పడవలు చూసి తొమ్మిదిన్నరకు కావలిలో టిఫిను. సింగరాయకొండ నరసింహస్వామి గుడి పన్నెండు లోపు, అక్కణ్ణించి పాకల ఒడ్డు, అక్కడే భోజనం. కొత్తపట్నం ఒంగోలు మీదుగా పోవాలి, అది కూడా కలిపితే ఇల్లు చేరేసరికి రాత్రి పదవుతుంది. పెద్దవాళ్ళుంటే పాకల నుంచే వెనక్కి తిరగండి. మూసునూరు టోల్ రానుపోను లెక్కపెట్టుకోండి. రామాయపట్నం దారిలో పోర్టు పనుల టిప్పర్లు ఎక్కువ. కృష్ణపట్నం పోర్టులోకి అనుమతి లేనిదే రానివ్వరు. ఈ రెంటినీ వదిలేసినా మీకు పోయేదేమీ లేదు.

చివర్లో మే నెల గురించి అడిగారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవల వేటకు నిషేధం, చేపల గుడ్లకాలం అది. ఆ 61 రోజులు పాట ఉండదు, ఒడ్డున పడవలకు రంగులు, వలలకు అతుకులు సాగుతుంటాయి. ఆ పని దగ్గర కూర్చుని చూడాలనుకునేవాళ్ళకు అదీ మంచి కాలమే, అప్పుడు వాళ్ళకు మాట్లాడే తీరిక కూడా ఉంటుంది. ఇస్కపల్లి వైపు ఉప్పు కొటార్లలో పని, తాటి ముంజలు, ఉలవపాడు రోడ్డు పక్క మామిడిపళ్ళు అప్పుడే. ఐతే పొద్దున పదికల్లా ఒడ్డు వదిలేయాలి, తిరిగి నాలుగున్నర దాకా నీడ పట్టున ఉండాలి, నీళ్ళ క్యాన్లు నాలుగు కాదు ఎనిమిది ఎక్కించుకోవాలి.